టీచరుగారి కనుబొమలు

చర్మ వైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, వెళ్లబోయే ముందు అసలు సంగతి అడుగుతారు. "మేడం, ముడతల ఇంజెక్షన్లు మొహంలో ఎక్కడెక్కడ వెయ్యొచ్చు? ఎక్కడ వెయ్యకూడదు?"

చెప్తాను. కనుబొమల మధ్య నిలువు గీతలకు, నుదుటి మీది అడ్డగీతలకు, నవ్వినప్పుడు కంటి కొసల్లో విచ్చుకునే గీతలకు బాగా పనిచేస్తుంది. ఈ మూడూ అందరూ వేసే చోట్లే. చెయ్యి తిరిగినవాళ్లు ముక్కు మొదట్లో, గడ్డం మీద, దవడ కండలో, మెడ మీద కూడా వేస్తారు. పెదవుల చుట్టూ వెయ్యాలంటే మాత్రం పదిసార్లు ఆలోచించాలి. ఆ మందు కండను కొన్నాళ్లు కదలకుండా చేస్తుంది కాబట్టి, ఒక చుక్క ఎక్కువైతే తాగే టీ మూతి పక్క నుంచి కారుతుంది, ప, బ, మ సరిగ్గా పలకవు. కనుబొమకు మరీ దగ్గరగా వేస్తే రెప్ప వాలిపోతుంది.

ఇదంతా పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంది. నేను చేసిన పొరపాటు మాత్రం నాకు తెలిసి ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని రాస్తున్నాను. ఇది చదివే పిల్లలు కొంచెం ఓపిక పట్టండి. ఇందులో వైద్యం తక్కువే.

నా ప్రాక్టీసు తెనాలిలో. మంగళవారం బాపట్ల, శుక్రవారం రేపల్లె వెళ్లేదాన్ని. రెండు చోట్లా తెలిసిన డాక్టర్ల నర్సింగ్ హోముల్లో నాకొక గది ఇచ్చారు. నా దగ్గరకు వచ్చేవన్నీ మామూలు జబ్బులే. తామర, శోభి, బొల్లి, వరి నాట్లప్పుడు కాలివేళ్ల మధ్య పాచిపోవడం. ముప్పయ్యేళ్లు అవే చూశాను. యాభై దాటాక ఒకసారి హైదరాబాదు వెళ్లి ముడతల ఇంజెక్షన్లలో శిక్షణ తీసుకొచ్చాను. ఆ మందు చల్లగా ఉండాలి కాబట్టి తెనాలి క్లినిక్‌లో దానికోసమే ఒక చిన్న ఫ్రిజ్ పెట్టించాను. నిజం చెప్పొద్దూ, ఆ ఫ్రిజ్‌ను చూసుకుంటే నాకు గర్వంగా ఉండేది. ఇన్నాళ్లూ గజ్జి డాక్టరమ్మనే, ఇప్పుడు ఇదీ చేస్తున్నాననుకునేదాన్ని.

నా దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సిస్టర్ ఒకావిడ ఉండేది. రేపల్లె పక్క పల్లెటూరు, లూథరన్ చర్చికి వెళ్లే కుటుంబం. నాకంటే ఐదారేళ్లు చిన్న. పేషెంటు మొహం చూసి ఎవరికి నొప్పి ఎక్కువో, ఎవరికి భయం ఎక్కువో చెప్పేసేది. ఆ ఫ్రిజ్ వచ్చిన రోజున దాన్ని తుడుస్తూ "మేడంగారండీ, ముడతలు పోవాలంటే ఇంక దేవుడి ప్రార్థన అక్కర్లేదన్నమాట" అంది. నవ్వుకున్నాం.

టీచరుగారిని నేను మొదట చూసింది బాపట్లలో, బడికి సెలవైన ఒక మంగళవారం. వాళ్లాయన అక్కడ గుమస్తా. ఆవిడ పనిచేసేది రేపల్లె దగ్గర. వారమంతా బడి హాస్టల్లోనే ఉండి, శనివారం సాయంత్రం బాపట్ల చేరేవారు. వయసు నలభై ఎనిమిదో తొమ్మిదో. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు కత్తితో గీసినట్టుండేవి.

"నాకు కోపం లేదండి" అన్నారు కూర్చుంటూనే. "కానీ చూసినవాళ్లంతా ఎందుకంత కోపంగా ఉన్నారని అడుగుతారు. మొన్న బస్సులో పక్కనావిడ, ఏంటమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా అంది. మా ఆడపడుచు కూతురి పెళ్లి ఫొటోల్లో అందరూ నవ్వుతున్నారండి. నేనొక్కదాన్నే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టున్నాను."

"దీనికి మందుంది. తెనాలి రావాలి" అన్నాను. ఆవిడ మొహం వెలిగింది.

దసరా సెలవులు మొదలైన రోజే వచ్చేశారు. సిస్టర్ కార్డు తెచ్చింది. అందులో ఏమేం అడగాలో అన్నీ అడిగాను. బీపీ ఉందా, షుగరుందా, నరాల జబ్బు ఏమైనా ఉందా, ఇంతకు ముందు ఎప్పుడైనా వేయించుకున్నారా. చివర్లో "ఏం చేస్తుంటారు?" అన్నాను.

"టీచర్నండి."

"టీచర్" అని రాశాను. "పిల్లల అల్లరికే ఈ గీతలు పడి ఉంటాయి."

"అల్లరికి కాదండి..." అని ఏదో చెప్పబోయారు. నేను అప్పటికే అద్దం ఆవిడ చేతికిచ్చి "ఒకసారి కనుబొమలు ముడవండి" అన్నాను.

ముడిచారు. తర్వాత పైకి లేపమన్నాను. లేపారు. అంత బలమైన నుదుటి కండ నేనెప్పుడూ చూడలేదు. కనుబొమలు రెండూ సర్రున పైకి వెళ్లిపోయాయి. నుదుటి మీద ఐదు గీతలు ఒకదానిపైన ఒకటి లేచాయి. రోజూ కసరత్తు చేసేవాడి జబ్బలా ఉంది ఆ నుదురు. ఇంత బలం ఎందుకొచ్చిందని అప్పుడు అడిగి ఉండాల్సింది. నేను దీనికి మందు ఎక్కువ పడుతుందనుకున్నాను.

ఆవిడ అడిగింది కనుబొమల మధ్య రెండు గీతల గురించే. నుదుటి సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"మధ్యలో ఒక్కటే వేస్తే నుదుటి మీది గీతలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయండీ. రెండూ కలిపి వేసుకుంటే మొహమంతా తేటగా ఉంటుంది."

"అంతేనంటారా? అయితే మీ ఇష్టమండి. మీకు తెలియనిదేముంది?"

పడుకోబెట్టి తెల్ల పెన్సిలుతో చుక్కలు పెడుతున్నాను. సిస్టర్ దూదీ స్పిరిటూ పట్టుకొని పక్కనే నిలబడింది. "మేడంగారండీ, ఈ టీచరుగారు నాకు తెలుసండి. మా చర్చి ఆడవాళ్లం క్రిస్మస్‌కి వీళ్ల బడికి వెళ్తామండి, అక్కడి పిల్లలు..."

"తర్వాత చెబుదువుగాని సిస్టర్. చుక్కలు పెడుతున్నానా."

సిస్టర్ ఆగిపోయింది. ఇంజెక్షన్లు అయిపోయాయి. నాలుగు గంటలు పడుకోవద్దని, నుదురు రుద్దొద్దని చెప్పి పంపించాను. బయట చంటిపిల్లాడితో ఒకావిడ, ఆవిడ వెనక ఇంకో పదిమంది ఉన్నారు. సిస్టర్ చెప్పబోయిన మాట నేను మళ్లీ అడగలేదు. డాక్టరుకి తెలిసే ఉంటుందిలే అని సిస్టర్ అనుకుంది.

సెలవులు అయిపోతుండగా ఒకసారి చూపించుకోమన్నాను. వచ్చారు. నుదురు అద్దంలా ఉంది. నిలువు గీతలు మాయం. నేను అంతకు ముందు తీసిన ఫొటో, ఇప్పుడు తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. చూపించింది ఆవిడ కోసం కంటే నా కోసమే.

టీచరుగారు అద్దంలో చూసుకొని కనుబొమలు లేపబోయారు. "కదలట్లేదండి" అన్నారు.

"కదలకూడదు. కదలకుండా ఉంటేనే మందు బాగా పట్టినట్టు."

"ఎన్నాళ్లుంటుందండి ఇలా?"

"మూడు నెలలు ఖాయం. నాలుగు కూడా ఉండొచ్చు."

"నాలుగు నెలలాండి!" అన్నారు. నేను దాన్ని సంతోషం అనుకున్నాను. నుదురు కదలని మనిషి మాటలో ఉన్నది సంతోషమో భయమో పోల్చుకోవడం కష్టమని నాకే తెలియాలి. ఆ కష్టం తెచ్చిపెట్టింది నేనే కదా.

కార్తీక మాసం అయిపోయాక ఒక సోమవారం మధ్యాహ్నం ఆవిడ మళ్లీ వచ్చారు. ముందుగా చెప్పలేదు. పేషెంట్లందరూ వెళ్లేదాకా చివరి కుర్చీలో కూర్చున్నారు. లోపలికి వచ్చి నిలబడే అడిగారు.

"మేడం, దీన్ని తీసేసే మందేదైనా ఉందాండి?"

"ఎందుకు? తలనొప్పా? రెప్ప బరువా?"

"అవేం లేవండి. పిల్లలకి నా మాట అర్థం కావట్లేదండి."

నాకు ఆ మాట అర్థం కాలేదు. పెదవుల దగ్గర నేనేమీ వెయ్యలేదు కదా, మాట ఎందుకు పోతుంది? సిస్టర్ వైపు చూశాను. సిస్టర్ చేతిలో ట్రే అలాగే పట్టుకొని నిలబడిపోయింది.

"వాళ్లది వినపడని పిల్లల బడండి" అంది మెల్లగా. "అక్కడంతా సైగలతోనే మాట్లాడతారు."

టీచరుగారు కూర్చున్నారు. చేతివేళ్లు కలిపి నోటి దగ్గరకు తీసుకెళ్లి, తర్వాత చెయ్యి నా వైపు చూపించారు. "ఇదేంటో చెప్పండి" అన్నారు.

"తిన్నావు" అన్నాను.

"తిన్నావా అని అడిగానండి." ఆవిడ సిస్టర్ వైపు తిరిగారు. "సిస్టర్, మీరు చేసి చూపించండి. మా పిల్లలతో చేస్తారు కదా."

సిస్టర్ అదే సైగ చేసింది. చేసేటప్పుడు కనుబొమలు పైకి లేచాయి. అది ప్రశ్న. చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది.

"చేతులవి మాటలండి" అన్నారు టీచరుగారు. "అడుగుతున్నామా చెబుతున్నామా అన్నది మొహంలో ఉంటుంది. కనుబొమలు లేస్తే అడిగినట్టు, లేవకపోతే చెప్పినట్టు. ఇరవై నాలుగేళ్లుగా కనుబొమలు లేపుతూ, ముడుస్తూ రోజంతా అడుగుతూనే ఉన్నానండి. ఆ గీతలు అందుకే పడ్డాయి."

పెద్ద పిల్లలు వారంలో అలవాటు పడ్డారట. తల కొంచెం ముందుకు వంచితే ప్రశ్న అని, గాలిలో వేలితో ప్రశ్నార్థకం గీస్తే ప్రశ్న అని వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. టీచరుగారి మొహానికి గోడ అని ఒక సైగ కూడా కనిపెట్టి నవ్వుకున్నారు. ఆవిడా నవ్వారు. చదువు రాని చిన్నపిల్లలకి ప్రశ్నార్థకం అంటే ఏం తెలుస్తుంది? వాళ్లలో ఒక పాప దగ్గర వచ్చింది చిక్కు.

ఆ పాపకు ఏడేళ్లు. నిజాంపట్నం అవతల సముద్రం ఒడ్డున ఒక పాలెం. రెండేళ్ల కిందట వాళ్ల నాన్న వేటకు వెళ్లిన పడవ తిరిగి రాలేదు. తల్లి చేపలు ఎండబెట్టి అమ్ముకుంటుంది. జూన్‌లో బడిలో వదిలినప్పుడు ఆ పిల్లకు ఏ భాషా లేదు. తల్లితో చేసుకునే నాలుగైదు సైగలే. టీచరుగారు ఒళ్లో కూర్చోబెట్టుకొని ఒక్కొక్కటే నేర్పారు. అమ్మ, అన్నం, నీళ్లు, రావడం, ఇక్కడ. సెప్టెంబరులో ఒకరోజు ఆ పాప తనంతట తానే కనుబొమలు లేపి "అమ్మ" అని, "రావడం" అని సైగ చేసింది. అమ్మ వస్తుందా అని అడిగింది. ఆ పిల్ల జీవితంలో అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ సంగతి చెబుతుంటే టీచరుగారి గొంతు మారింది. మొహం మారలేదు.

నెలకొక ఆదివారం తల్లులు వచ్చి పిల్లల్ని చూసి వెళ్తారు. ఆ ఆదివారాలు టీచరుగారు బాపట్ల వెళ్లరు. దసరా సెలవులయ్యాక వచ్చిన మొదటి ఆదివారం తుఫాను హెచ్చరిక ఉంది. పాలెం వైపు బస్సులు ఆగిపోయాయి. పాప పొద్దున్నుంచి గేటు దగ్గరే నిలబడింది. మధ్యాహ్నం టీచరుగారు వెళ్లి, పక్కన కూర్చొని, జాలిగా అడిగారు. అమ్మ, రావడం, లేదు.

"అమ్మ రాలేదా అని అడిగానండి. నా మొహం కదల్లేదు. దానికి అమ్మ రాదు అని కనపడింది."

నేను చేతిలో పెన్ను కింద పెట్టాను.

"వాళ్ల నాన్న పోయినప్పుడు తల్లి ఆ పిల్లకి చెప్పింది కూడా అలాగేనటండి. నాన్నని చూపించే సైగ చేసి, రాడని చెయ్యి ఊపింది. అంతే. దానికి తెలిసిన చావు అదేనండి."

పాప ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. జ్వరం వచ్చింది. అలా కాదమ్మా, అమ్మ బాగానే ఉంది, వస్తుంది అని చెప్పడానికి టీచరుగారు ఎన్నిసార్లు ప్రయత్నిస్తే పాప అన్నిసార్లు మొహం తిప్పేసుకుంది. ఆ సైగల్లో మళ్లీ అమ్మ ఉంది, మళ్లీ రావడం ఉంది. ఎదురుగా ఆ గోడలాంటి మొహం ఉంది. తర్వాతి ఆదివారం తల్లి వచ్చింది. పాప పరుగెత్తుకెళ్లి తల్లి మెడ పట్టుకుంది. ఎవరు విడదీయబోయినా వదల్లేదు. సాయంత్రం తల్లి పిల్లను తీసుకొని వెళ్లిపోయింది.

"మందు లేదు టీచరుగారూ" అన్నాను. "దానంతట అదే తగ్గాలి."

ఆవిడ తల ఊపారు. "మీ తప్పేముందండి. కావాలని వచ్చింది నేనే కదా" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టించుకుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, ఆ మందు గుణమే అంతని వాదించేదాన్ని. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆవిడ వెళ్లాక సిస్టర్ ట్రే కడుగుతూ, నా వైపు చూడకుండా, "ఆ రోజు చెప్పబోయానండి" అంది.

"తెలుసు సిస్టర్. నేనే ఆపాను."

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. నేను రిటైరయ్యే దాకా ఆవిడ ఏదైనా చెప్పబోయి నా మొహం చూసి ఆగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది. చేతిలో పని వదిలేసి "చెప్పు సిస్టర్" అనేదాన్ని.

ఆ వచ్చే ఆదివారం ముగ్గురం పాలెం వెళ్లాం. తెనాలిలో సిస్టరూ నేనూ రేపల్లె ప్యాసింజరెక్కాం. వేమూరు దాటాక రెండు వైపులా కోతకొచ్చిన వరి. రేపల్లెలో టీచరుగారు స్టేషన్‌కి వచ్చి కలిశారు. అక్కడి నుంచి ఆటో. దారిలో ఆవిడ సంచిలోంచి పాప గౌను తీసి మడతలు సరిచేసి మళ్లీ పెట్టుకున్నారు. హాస్టల్లో వదిలేసి వెళ్లిందట.

ఇసుక మీద వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండబోశారు. పాప కాకుల్ని తోలుతోంది. టీచరుగారిని దూరం నుంచే గుర్తుపట్టింది. చేతిలో కర్ర పడేసి పరుగెత్తుకొచ్చింది. నా గుండె తేలికపడింది. పాప నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. మొహంలోకి చూసింది. ఆ మొహం అలాగే ఉంది.

టీచరుగారు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నారు. బాగున్నావా అని అడిగారు. పాప కదల్లేదు. ఆవిడ ఎడమచేతి బొటనవేలితో కనుబొమ పైకి నెట్టుకొని, కుడిచేత్తో సైగ చేశారు. ఆ సైగకు రెండు చేతులూ కావాలట. సగం సైగ, సగం మొహం. పాప ఇంకో అడుగు వెనక్కి వేసింది.

అప్పుడు నేను ఒక పని చేశాను. సాయం చేస్తున్నాననుకొనే చేశాను. టీచరుగారి వెనక్కి వెళ్లి నిలబడి, వంగి, నా రెండు చేతుల వేళ్లతో ఆవిడ కనుబొమలు రెండూ పైకి లేపి పట్టుకున్నాను. "ఇప్పుడు అడగండి" అన్నాను. నేను చుక్కలు పెట్టిన చోటే నా వేళ్లున్నాయి. లోపల కండ మెత్తగా, ఏ బిగువూ లేకుండా ఉంది. ఆవిడ సైగ చేస్తున్నారు. బడికి వస్తావా?

పాప వైపు నుంచి ఎలా కనపడిందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నిన్నటిదాకా ఒళ్లో కూర్చోబెట్టుకున్న టీచరు. ఆవిడ వెనకాల ఎవరో తెల్లజుట్టు మనిషి. ఆ మనిషి టీచరు నుదురు పట్టుకొని పైకి లాగుతోంది. పాప నోరు తెరిచి అరిచింది. తన అరుపు తనకు వినపడని పిల్ల అరుపు. వెనక్కి పరుగెత్తి తల్లి చీర చుట్టేసుకుంది.

"ఏంటండీ అది? పిల్ల దడుచుకుంటంది!" అని తల్లి కేకేసింది.

నేను చేతులు తీసేశాను. టీచరుగారు అలాగే మోకాళ్ల మీద ఉండిపోయారు.

తల్లి మంచిదే. మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు టీచరుగారిది కాదని, నాదేనని చెప్పాను.

ఆమె చాలాసేపు విని, "మొహానికి సూదులా? ఎందుకండీ?" అంది.

"ముడతలు పోవడానికమ్మా."

ఆమె టీచరుగారి మొహాన్ని, నా మొహాన్ని, మళ్లీ టీచరుగారి మొహాన్ని చూసింది. ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు ఆమెకు. ఎండకూ ఉప్పుగాలికీ నుదురంతా గీతలే.

"పిల్లని పంపమ్మా. ఇంకో రెండు నెలల్లో అంతా మామూలవుతుంది" అన్నాను.

"అది ఏడిస్తే నేను చూళ్లేనండీ. నోరు లేని బిడ్డ, దేనికేడుస్తందో కూడా చెప్పలేదు. టీచరమ్మ నేర్పిందానికే ఇప్పుడు నీళ్లు అని అడుగుతంది, అన్నం అని అడుగుతంది. నాకదే సాలు."

తిరిగొచ్చేటప్పుడు గౌను తల్లి చేతికిచ్చేశారు టీచరుగారు.

పిల్లలూ, మీకు చెప్పదలుచుకున్నది ఇదీ. ఆ ఇంజెక్షన్ చెడ్డది కాదు. ఆ తర్వాత కూడా నేను చాలామందికి వేశాను, చాలామంది సంతోషించారు. నేను వేసిన చోట్లు కూడా తప్పు కాదు. ఏ పరీక్షలో అయినా ఆ చుక్కలకు పూర్తి మార్కులు పడతాయి. కానీ మొహంలో ఎక్కడ వెయ్యొచ్చో చెప్పే పుస్తకానికి, ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మొహంతో రోజంతా ఏం చేస్తుందో తెలియదు. అది అడగాలి. అడిగి, జవాబు అయ్యేదాకా నోరు మూసుకొని వినాలి. అల్లరికి కాదండి అని ఆవిడ మొదలుపెట్టిన మాట పూర్తి కావడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషంలో నేను అద్దం ఇచ్చాను. సిస్టర్ మాటకు ఇంకో అర నిమిషం పట్టేది. అప్పుడు నేను చుక్కలు పెడుతున్నాను. తర్వాత నా కార్డులో "ఏం చేస్తుంటారు" కింద ఇంకో మూడు గీతలు ఖాళీగా వేయించాను. హరికథ చెప్పే ఆయన ఒకరొచ్చారు, చర్చిలో పాటలు నేర్పే అమ్మాయి ఒకతి వచ్చింది. వాళ్లకు కొన్ని చోట్ల వెయ్యనని చెప్పాను. ఒకరు విన్నారు, ఒకరు వేరే ఊళ్లో వేయించుకున్నారు. ఇదంతా మంచిదే. పాపకు మాత్రం దీంతో పనిలేదు.

ఫిబ్రవరి నడిమికి టీచరుగారి నుదురు కదిలింది. ఆవిడ ఫోన్ చేసి "మేడం, లేస్తున్నాయండి" అన్నారు. గీతలు తిరిగొచ్చాయని పేషెంటు సంబరపడటం నా ఉద్యోగంలో అదొక్కసారే. ఆ ఆదివారమే బయలుదేరాం. ఈసారి సిస్టర్‌కు కుదరలేదు, ఇద్దరమే వెళ్లాం. నేను ఆటోలోనే ఉండిపోతానన్నాను. నన్ను చూస్తే మళ్లీ భయపడుతుందేమోనని. టీచరుగారు ఒక్కరే ఇసుకలో నడిచి వెళ్లారు.

ఆటోలోంచి నాకు అంతా కనపడుతూనే ఉంది. పాప తల్లి పక్కన కూర్చొని చేపలు ఏరుతోంది. టీచరుగారు ఎదురుగా కూర్చున్నారు. పాప ఒక చెయ్యి చాచి ఆవిడ నుదురు తాకి చూసింది. నెమ్మదిగా జరిగి ఆవిడ మోకాలికి ఆనుకొని కూర్చుంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అంతా సర్దుకుందనుకున్నాను.

అప్పుడు టీచరుగారు అడిగారు. కనుబొమలు పైకి లేచాయి. అంత దూరం నుంచి కూడా అది ప్రశ్న అని నాకు తెలిసింది.

పాప ఆలోచించింది. జవాబు చెప్పింది. చేతులు మూడుసార్లు కదిలాయి. చెప్పేసి మళ్లీ చేపలు ఏరడంలో పడింది.

టీచరుగారు ఇంకాసేపు కూర్చొని వచ్చేశారు. నిజాంపట్నం రోడ్డు ఎక్కాక నేనే అడిగాను.

"ఏమంది?"

"బడికి వస్తావా అని అడిగితే, అమ్మ, వస్తుంది, ఇక్కడ అందండి" అన్నారు. "ఇక్కడైతే అమ్మ రోజూ వస్తుందంటోంది మేడం. అక్కడికి రానంటోంది."

ఒళ్లోని సంచి సర్దుకొని మళ్లీ అన్నారు.

"ఇన్నాళ్లూ ఒక్కో మాటే, మహా అయితే రెండండి. మూడు మాటలు కలిపి చెప్పడం ఇదే మొదలు. మూడూ నేను నేర్పినవేనండి."

ఆవిడ ఏడుస్తున్నారు. నుదురూ, కనుబొమలూ, కంటి కొసలూ అన్నీ ఏడుస్తున్నాయి. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. పాప మళ్లీ ఆ బడికి రాలేదు.